సంతకం పెట్టేశాను మేడమ్, ఇప్పుడేం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది: "సంతకం పెట్టమన్నారు, పెట్టేశాను." అన్నయ్య అడిగాడని కొందరు, యజమాని అడిగాడని కొందరు, పెద్దమనుషులు కూర్చోబెట్టి చెప్పారని ఇంకొందరు. గుంటూరు కోర్టులో నా దగ్గరికి వచ్చేవాళ్లదీ ఇదే వరస. సంతకం పడిపోయింది కదా, ఇక దారి లేదనుకుని ఏళ్ల తరబడి నోరు మెదపకుండా ఉండిపోతారు. నాకు బాధ కలిగించేది ఆ మౌనమే. కొన్ని సంతకాలు చట్టం ముందు నిలవవు, కొన్ని నిలుస్తాయి. దేనికి ఎంత విలువో తెలుసుకోకుండానే ఓడిపోయామనుకోవద్దు. అందుకే ఈసారి అలాంటి ఉత్తరాలే తీసుకున్నాను. రాసినవాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 57. 1989లో పెళ్లయింది. నాన్న 1998లో పోయారు. మాకు నాలుగెకరాల పొలం. రెండున్నర ఎకరాలు ముత్తాతల నాటి నుంచి వస్తున్నది, ఎకరంన్నర నాన్న కొన్నది. నాన్న వీలునామా రాయలేదు. ఇద్దరన్నయ్యలు. 2003లో "పసుపు కుంకుమల కింద లక్ష ఇస్తున్నాం, ఇక్కడో సంతకం పెట్టు" అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం తీసుకున్నారు. నేను చదవలేదు. అమ్మ పెద్దన్నయ్య దగ్గర ఉంటుంది. ఇప్పుడు మా పొలం పక్కన వెంచర్లు పడ్డాయి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అడిగితే "నీ వాటా ఎప్పుడో రాసిచ్చేశావు" అన్నారు. నాకు హక్కుందా? అడిగితే పుట్టింటికి దూరమవుతానేమోనని భయంగా కూడా ఉంది.
– ఓ సోదరి, సత్తెనపల్లి ప్రాంతం

జవాబు: హక్కుంది అక్కా. ముందు ఆ లెక్క చెప్తాను, తర్వాత కాగితం సంగతి.

ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా అని మన ఆంధ్రప్రదేశ్ చట్టం దేశం కంటే ముందే చెప్పింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లో ఉంది. మీ పెళ్లి ఆ తర్వాత జరిగింది కాబట్టి నాన్న పోయేనాటికే మీరు వాటాదారు. 1985కి ముందు పెళ్లైపోయిన ఆడపిల్లలకు ఆ చట్టంలో చోటు లేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మీ అక్కాచెల్లెళ్ల వరసలో, స్నేహితుల్లో అలాంటివాళ్లుంటే ఈ మాట చెప్పండి. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని ఈ సవరణ కదపదు.

మీ వాటా ఎంతంటే, ముత్తాతల నాటి రెండున్నర ఎకరాల్లో నాన్న, ఇద్దరన్నయ్యలు, మీరు తలో పావు. నాన్న పావు మళ్లీ అమ్మకు, మీ ముగ్గురికి సమానంగా వస్తుంది. అంటే ఆ భూమిలో మీకు పదహారింట అయిదు వంతులు, సుమారు 78 సెంట్లు. నాన్న స్వార్జితం ఎకరంన్నర నలుగురికీ సమానం కాబట్టి అందులో ముప్ఫయ్యేడున్నర సెంట్లు. అంతా కలిపితే మీది సుమారు ఎకరం పదిహేను సెంట్లు. ఆ ఎకరం పదిహేను సెంట్లకు లక్ష ఇచ్చి "పసుపు కుంకుమ" అన్నారు. పసుపు కుంకుమ ప్రేమతో పెట్టేది. దాన్ని వాటాకు బదులుగా లెక్కగట్టడం నేను ఏ కేసులోనూ సహించలేను.

ఇక కాగితం. స్థిరాస్తిలో వంద రూపాయలకు మించిన హక్కు వదులుకోవాలంటే ఆ పత్రం రిజిస్టరు కావాలి. స్టాంపు కాగితం మీద రాసినంత మాత్రాన రిజిస్టరైనట్టు కాదు, స్టాంపు కాగితం ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ చేత సబ్‌రిజిస్ట్రారు ముందు వేలిముద్రలు వేయించలేదు అంటే, ఆ కాగితం వల్ల మీ భూమి అన్నయ్యలకు బదిలీ కాలేదు. అలాగని దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. "అంతకుముందే ఇంట్లో నోటిమాటగా పంపకాలు అయిపోయాయి, దాన్ని గుర్తుకోసం రాసుకున్నాం" అని అవతలి ప్లీడరు వాదిస్తారు. కుటుంబ ఒప్పందం ముందే జరిగి, దాన్ని జ్ఞాపకంగా రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న సూత్రం ఉంది. అందుకే ఆ కాగితంలో "వదులుకుంటున్నాను" అని ఉందా, "వదులుకున్నాను" అని ఉందా అన్నది చాలా ముఖ్యం. లాయరు నోటీసు ఇచ్చి ముందు దాని నకలు అడగండి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను: ఆ లక్ష తీసుకోలేదని ఎక్కడా అనకండి. తీసుకున్నది తీసుకున్నట్టు చెప్పండి. అబద్ధం ఒకటి దొరికిందంటే మిగతా నిజాలన్నీ బలహీనపడతాయి.

గడువు సంగతి. మిమ్మల్ని ఆస్తి నుంచి తప్పించారని మీకు తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్లలోపు భాగపరిష్కార దావా, అంటే ఆస్తి పంచి నా వాటా ఇప్పించమనే దావా వేయాలి. అన్నయ్యలు 2003 నుంచి లెక్కించమంటారు. ఉమ్మడి వాటాదారుల్లో ఒకరు సాగుచేసుకుంటుంటే అది అందరి తరఫునా ఉన్నట్టే చట్టం చూస్తుంది. "నీకు లేదు" అని మొహం మీద చెప్పింది మొన్న సంక్రాంతికే కాబట్టి అప్పటి నుంచే లెక్క అని మనం వాదిస్తాం. దీనిమీద గట్టి వాదన జరుగుతుంది, కాబట్టి ఇంకో సంక్రాంతి దాకా ఆగకండి.

ఈ వారంలోనే చేయాల్సినవి చెప్తాను. మీసేవలోనో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోనో ఆ సర్వే నంబర్లకు ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా తీయించండి. మీకు తెలియకుండా ఏదైనా రిజిస్టరైందేమో అందులో బయటపడుతుంది. మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ (భూమి ఎవరి పేర ఉందో చూపేది), అడంగల్ (ఎవరు సాగుచేస్తున్నారో చూపేది) తీసుకోండి. వెంచర్ వాళ్లకు అమ్మే ప్రయత్నం కనిపిస్తే దావాతో పాటే అమ్మకం ఆపే తాత్కాలిక ఇంజంక్షన్ ఉత్తర్వు అడగాలి. దావా నడుస్తుండగా ఎవరు కొన్నా మీ వాటా మీద మీ హక్కు పోదు.

పుట్టిల్లు దూరమవుతుందన్న మీ భయం నాకు అర్థమవుతుంది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది ఆ భయంతోనే సగం దూరం వచ్చి ఆగిపోతారు. దావాకు ముందే ఇంకో మెట్టు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ మండల కమిటీలో గానీ అర్జీ ఇస్తే వాళ్లే అన్నయ్యలను పిలిపించి మాట్లాడతారు. అక్కడ కుదిరిన రాజీ లోక్ అదాలత్ అవార్డుగా మారితే కోర్టు డిక్రీతో సమానం. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ లాయరు ఉచితం. ఫోన్ చేయాల్సిన నంబరు 15100. అమ్మనూ ఆ మాటల్లో కూర్చోబెట్టండి. ఆ భూమిలో ఆమెకూ సొంత వాటా ఉందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం జిల్లా. మా ఆవిడకు 38 ఏళ్లు, కూలి పని. నాలుగు నెలల కింద మిర్చి ఏరడానికి ఆటోలో వెళ్తుంటే మలుపులో ఆటో బోల్తా పడింది. అందులో పదకొండు మంది ఉన్నారు. మా ఆవిడ కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది, ప్లేటు వేశారు. ప్రైవేటు ఆసుపత్రిలో లక్షా అరవై వేలు అయింది, మిత్తికి తెచ్చాం. ఆటో మా ఊరి అబ్బాయిదే. పెద్దమనుషులు కూర్చుని ఇరవై వేలు ఇప్పించి, కేసు పెట్టబోమని తెల్లకాగితం మీద మా ఆవిడతో వేలిముద్ర వేయించారు. ఇప్పుడు చెయ్యి భుజం పైకి లేవట్లేదు, చెంబు కూడా పట్టుకోలేకపోతోంది. ఇంకేమైనా అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు తమ్ముడూ, కానీ తొందరగా. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది, ఆలస్యమైందని ఎవరైనా తిప్పి పంపితే అప్పుడు అది పనికొస్తుంది. మీకు ఇంకా రెండు నెలలుంది కదా, ఆ వివాదం మీద ఆధారపడే పని పెట్టుకోకండి.

ఊళ్లో రాసిన కాగితం మీ ఆవిడ హక్కును చంపదు. పరిహారం ఎంత రావాలో తేల్చేది ట్రిబ్యునల్, రచ్చబండ కాదు. ఆ ఇరవై వేలు తీసుకున్నామని దరఖాస్తులోనే రాయండి, వచ్చేదాంట్లో తగ్గిస్తే తగ్గిస్తారు.

ఎంత వస్తుందన్నది ఎలా లెక్కేస్తారో చూపిస్తాను. ఆమె సంపాదన నెలకు 12 వేలని ట్రిబ్యునల్ తీసుకుందనుకోండి. ఏడాదికి 1,44,000. నలభై ఏళ్లలోపు కాబట్టి ముందుముందు కూలి పెరుగుతుందని దానికి 40 శాతం కలుపుతారు, 2,01,600 అవుతుంది. ఆ చేతి దెబ్బవల్ల సంపాదించే శక్తి 30 శాతం పోయిందని తేలితే ఏడాదికి నష్టం 60,480. ఆమె వయసుకు 15తో గుణిస్తారు. మొత్తం 9,07,200. ఆసుపత్రి బిల్లులు, మంచాన ఉన్న రోజుల కూలి, పడ్డ నొప్పి, పక్కన ఉండి చూసుకున్నవాళ్ల ఖర్చు ఇవన్నీ దీనికి అదనం. ఆదాయం, శాతం సాక్ష్యాన్ని బట్టి మారతాయి. 20 శాతమే అన్నా ఈ ఒక్క పద్దు కిందే ఆరు లక్షలు దాటుతుంది. పెద్దమనుషులు ఇప్పించింది ఇరవై వేలు.

ఇక్కడ ఒక సంగతి బాగా పట్టుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్‌లో రాసే శాతం వేరు, సంపాదన పోయిన శాతం వేరు. ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషికి మోచెయ్యి పూర్తిగా వంగకపోతే ఉద్యోగం పోదు. మిర్చి ఏరే మనిషికి కుడిచెయ్యే జీవనాధారం. మనిషి చేసే పనిని బట్టి చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. అందుకే ఆపరేషన్ చేసిన డాక్టరు గానీ మెడికల్ బోర్డు డాక్టరు గానీ కోర్టుకు వచ్చి "ఈమె ఇక చెట్టుకు చెయ్యి చాచి కాయ కోయలేదు, బస్తా ఎత్తలేదు" అని సాక్ష్యం చెప్పాలి. సదరం సర్టిఫికెట్ ఒక్కటి పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఇంటి పనికీ విలువ కట్టాల్సిందేనని కీర్తి కేసులో 2021లో సుప్రీంకోర్టు అంది. వంట, నీళ్లు, పిల్లల పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో అది కూడా చెప్పించండి.

ఎఫ్‌ఐఆర్ అయిందో లేదో మీరు రాయలేదు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు రోడ్డు ప్రమాదమని చెప్పి ఉంటే వాళ్లు మెడికో లీగల్ కేసుగా స్టేషన్‌కు కబురు పంపి ఉండాలి, అది కనుక్కోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీ గారికి రిజిస్టరు పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటు కోర్టు ఉంది. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, ఒరిజినల్ బిల్లులు, మందుల చీటీలు అన్నీ ఒక సంచిలో పెట్టండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, వకీలుకు ఇచ్చినా జెరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో తెలుస్తుంది.

ఆటోలో పదకొండు మంది ఎక్కారు కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ గొడవ చేస్తుంది. పర్మిట్‌లో ఎంతమందికి అనుమతి ఉందో అంతమంది వరకే వాళ్ల బాధ్యత అని 2007లో సుప్రీంకోర్టు అంజనా శ్యామ్ కేసులో చెప్పింది. అయితే ఆ కేసులోనే, అనుమతి ఉన్న సంఖ్యకు సరిపడా, అన్నిటికంటే ఎక్కువ మొత్తం వచ్చిన అవార్డుల లెక్కన కంపెనీ డబ్బు కట్టాలని, దాన్ని గాయపడ్డవాళ్లందరికీ దామాషాగా పంచాలని కూడా చెప్పింది. అందువల్ల మిగతా పదిమందీ కేసులు వేశారా అన్నది మీకు ముఖ్యం. అందరూ కలిసి ఒకే ట్రిబ్యునల్‌కు వెళ్లండి. డ్రైవరుకు లైసెన్సు లేకపోతే, కంపెనీ ముందు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకునేలా ట్రిబ్యునళ్లు ఉత్తర్వులు ఇస్తుంటాయి. ఊరి అబ్బాయి కదా అని మీకు జాలి ఉంటే, లైసెన్సు, ఇన్సూరెన్స్ సరిగ్గా ఉన్నప్పుడు భారం ఎక్కువగా కంపెనీ మీదే పడుతుందని అతనికి చెప్పండి. అతనే సాక్ష్యానికి సహకరించొచ్చు.

"ఖర్చంతా నేనే పెట్టుకుంటా, వచ్చినదాంట్లో సగం నాది" అనే మధ్యవర్తులు ఆసుపత్రి గేటు దగ్గరే తిరుగుతుంటారు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషేధం. ఫీజు ఎంతో ముందే రాయించుకోండి. ఆమె ఆడమనిషి కాబట్టి న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత లాయరు కూడా మీకు దొరుకుతారు.

ఈ జవాబు చదివే మిగతావాళ్లకు ఒక మాట. 2025 మే 5 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం ఉంది. చేర్చేటప్పుడే గట్టిగా అడగండి. గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి యాభై వేలు వస్తాయి. దానికి కోర్టు అక్కర్లేదు, ఆర్డీవో లేదా తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టాలి.

ప్రశ్న: నేను స్పిన్నింగ్ మిల్లులో 11 ఏళ్ల 8 నెలలు పనిచేసి 2025 జూన్‌లో మానేశాను. బేసిక్, డీఏ కలిపి 13 వేలు. చేరినప్పుడే నాలుగు తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. ఇప్పుడు గ్రాట్యుటీ అడిగితే "నువ్వే రిజైన్ చేశావు, బకాయిలేమీ లేవని రాసిచ్చావు" అని ఒక కాగితం చూపిస్తున్నారు. నేను అలాంటిదేమీ రాయలేదు.
– చిలకలూరిపేట

జవాబు: తమ్ముడూ, ఈ విషయంలో ఆ కాగితం నిజమైనా అబద్ధమైనా మీ గ్రాట్యుటీ మీకు రావాల్సిందే. అయిదేళ్లు నిండాక రాజీనామా చేసినవాడికీ గ్రాట్యుటీ ఉంది. కార్మికుడు దాన్ని వదులుకుంటానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు, చట్టమే పైచేయి. యాజమాన్యం ఆపగలిగేది కొన్ని సందర్భాల్లోనే, అంటే మిల్లు ఆస్తికి నష్టం చేశారనో, దౌర్జన్యం చేశారనో తొలగించినప్పుడు. మీది అది కాదు.

లెక్క ఇలా: 13,000ను 26తో భాగించి 15తో గుణిస్తే 7,500. ఆర్నెల్లు దాటిన మిగులును నిండు ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి మీది 12 ఏళ్ల సర్వీసు. 90,000 రూపాయలు. ముప్ఫై రోజుల్లో ఇవ్వనందుకు వడ్డీ కూడా అడగండి.

మీరు మానేసింది 2025 జూన్ కాబట్టి 1972 నాటి గ్రాట్యుటీ చట్టమే మీకు వర్తిస్తుంది. ముందు యాజమాన్యానికి ఫారం-ఐ రిజిస్టరు పోస్టులో పంపండి. ఇవ్వకపోతే కార్మిక శాఖలో గ్రాట్యుటీ కంట్రోలింగ్ అథారిటీ ముందు ఫారం-ఎన్ దాఖలు చేయండి. గడువు దాటింది కనుక ఆలస్యానికి కారణం రాసి మన్నించమని అడగాలి, సరైన కారణముంటే తీసుకుంటారు. హాజరు రిజిస్టరు వాళ్ల దగ్గర ఉంటుంది, మీ దగ్గర ఏముందంటారేమో. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు మూడూ తెచ్చుకోండి. నెలనెలా పీఎఫ్ జమైన వరసను ఎవరూ కాదనలేరు. పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకూ ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కాలపరిమితి ఒప్పందం మీద చేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. మానేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి పెళ్లి 2019లో కరీంనగర్‌లో చేశాం. అల్లుడు టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్. ఎనిమిది నెలల కింద "కొన్నాళ్లు అమ్మా నాన్న దగ్గర ఉండు" అని పంపించి, ఇప్పుడు అక్కడి లాయరుతో మెయిల్ పెట్టించాడు. "వేవర్ ఆఫ్ సర్వీస్ అని ఒక ఫారం ఉంది, నోటరీ చేసి పంపు, ఫార్మాలిటీయే" అంటున్నాడు. పంపమంటారా? పెట్టిన నలభై తులాల బంగారం వాళ్ల అమ్మ దగ్గరే ఉంది. నేను పోలీసు కంప్లయింటు ఇవ్వాలనుకుంటున్నాను.

జవాబు: అన్నయ్యగారూ, పంపొద్దు. అమ్మాయితో ఆ మెయిల్‌కు "సరే" అని కూడా రాయించొద్దు. అలాంటి ఫారాల్లో అక్కడి కోర్టు అధికారానికి ఒప్పుకుంటున్నామని, ఇక మళ్లీ నోటీసు లేకుండానే కేసు ముగించొచ్చని వాక్యాలు ఉంటాయి. దాన్ని ఫార్మాలిటీ అనడం మోసం.

దీనిమీద మన తెలుగువాళ్ల కేసే దేశానికంతటికీ దారి చూపింది. 1975లో తిరుపతిలో పెళ్లైన జంట. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్ర కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. భార్య ఊరుకోలేదు. ఆ వై. నరసింహారావు కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ విడాకులు ఇక్కడ చెల్లవంది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టు అధికారానికి లోబడకుండా ఇచ్చిన తీర్పును మన కోర్టులు గుర్తించవు. కానీ ఆమె తనంతట తాను ఒప్పుకుంటే మాత్రం గుర్తించవచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. అల్లుడు ఆ సంతకం కోసం ఎందుకింత పట్టుబడుతున్నాడో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సంతకం పెట్టకుండా, జవాబివ్వకుండా మౌనంగా ఉండటం కూడా మంచిది కాదు. అక్కడి డిక్రీ అక్కడ నడుస్తుంది. టెక్సాస్‌లో ఒక లాయరు ద్వారా "ఈ కోర్టుకు నా మీద అధికారం లేదు" అని మాత్రమే చెప్పే స్పెషల్ అప్పియరెన్స్ వేయించాలి. గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి ఈ రోజే కదలండి. ఇక్కడ అమ్మాయి తాను ఉంటున్న ఊళ్లోనే మెయింటెనెన్స్, గృహహింస చట్టం కింద కేసులు వేయొచ్చు. ఇద్దరూ ఆస్తులు, ఆదాయాలు అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020లో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి అతని డాలర్ల జీతం దాచడం కుదరదు. దరఖాస్తు వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కిస్తారు.

బంగారం సంగతిలో మీ కోపం న్యాయమైనదే, కానీ కంప్లయింటు మీరు ఇవ్వొద్దు. స్త్రీధనం పూర్తిగా అమ్మాయిదే, భర్తదీ కాదు, తండ్రిదీ కాదు. తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు, కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి స్త్రీధనం అడగలేడని కేసునే కొట్టేసింది. అమ్మాయి పేరుతోనే వేయించండి. నగలు కొన్న బిల్లులు, పెళ్లి ఆల్బమ్‌లో నగలు స్పష్టంగా కనిపించే ఫొటోలు ఇప్పుడే పక్కన పెట్టండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. రెండేళ్ల బాండ్, మధ్యలో వెళ్తే రెండు లక్షలు కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాండ్లు చెల్లవన్న మాట స్నేహితులు చెప్పి ఉంటారు, నమ్మకు. కనీసం మూడేళ్లు చేయాలి, లేదంటే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే కంపెనీ అడిగే మొత్తం సమంజసంగా ఉండాలి. నీ శిక్షణ మీద నిజంగా ఏం ఖర్చుపెట్టారు, నువ్వు వెళ్తే ఏం నష్టమన్నది అక్కడ ప్రశ్న. శిక్షణ పేరుతో ఏమీ నేర్పకపోతే ఆ విషయం మెయిళ్లలో కనిపించేలా ఉంచుకో. సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే హక్కు మాత్రం వాళ్లకు ఏ చట్టమూ ఇవ్వలేదు. తిరిగివ్వమని మెయిల్ పెట్టు, వారంలో ఇవ్వకపోతే లాయరు నోటీసు పంపించు.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. ఇల్లు రెండేళ్ల కింద కొడుకు పేర దానసెటిల్‌మెంటు రాశాను. అప్పుడు "నాన్నా, మిమ్మల్ని కళ్లల్లో పెట్టుకుంటాను" అన్నాడు. ఇప్పుడు మా ఇద్దరినీ వెనక గదిలో పెట్టారు, మందులకు కూడా చెయ్యి చాచాలి. దస్తావేజులో చూసుకుంటాడనే మాట రాయలేదు.
– మండపేట

జవాబు: బాబాయి గారూ, ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పోషిస్తానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని పోషించకపోతే ఆ దస్తావేజును రద్దు చేసే అధికారం ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌కు ఉంది. మీ దస్తావేజులో ఆ మాట లేకపోవడం కొంచెం ఇబ్బందే. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, ఇది వృద్ధుల మేలుకోసం చేసిన చట్టం కాబట్టి ఆ దృష్టితోనే చదవాలని చెప్పి, తల్లి ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించింది. అందులో గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం తల్లికి ఉపయోగపడింది. మీకూ అలాంటిదేమైనా ఉందేమో వెతకండి. వాట్సాప్ సందేశం, రిజిస్ట్రేషన్ రోజు సాక్షి సంతకం పెట్టిన మనిషి, పక్కింటివాళ్లు, ఎవరి ముందు ఆ మాట అన్నాడో వాళ్లందరి పేర్లు రాసుకోండి.

దస్తావేజు రద్దు సంగతి తేలేలోపు పోషణ ఖర్చు విడిగా అడగండి, నెలకు పదివేల వరకు ఇప్పించొచ్చు. దీనికి షరతు రుజువుతో పనిలేదు. మీ ఇద్దరూ వేరువేరుగా అర్జీలు పెట్టండి, వకీలు అక్కర్లేదు. తెల్లకాగితం మీద మీ మాటల్లోనే రాసి, ఆధార్ నకలు, దస్తావేజు నకలు, మందుల చీటీలు జతచేసి ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలలేని పరిస్థితి ఉంటే 14567కు ఫోన్ చేయండి, అది వృద్ధుల హెల్ప్‌లైన్. ఈలోగా కొడుకు మళ్లీ ఏ కాగితం తెచ్చినా, బ్యాంకు పని అన్నా, పింఛను పని అన్నా, ఇంకొకరితో చదివించుకోకుండా చెయ్యి పెట్టకండి.